కంభం చెరువులో మైలేజీ

మా ఇంట్లో కుక్కర్ ఆఖరి విజిల్ ఏనాడూ వేయలేదు. ఒక విజిల్ మిగిలి ఉండగానే మా ఆయన ఎక్కడున్నా లేచొచ్చి స్టవ్ కట్టేస్తాడు. "ఇంకోటి ఊపు మీద వస్తాదిలే" అంటాడు. రాదు. కుక్కర్ కాసేపు బుసబుసలాడి ఊరుకుంటుంది. పెళ్లయిన నాటి నుంచి నేను తింటున్నది పలుకు పప్పే. పప్పంటే అట్లాగే ఉంటుందనుకున్న నా పిల్లలు, హాస్టల్‌కు పోయాక మెత్తటి పప్పు చూసి, అది పాడైపోయిందని వార్డెన్‌కు చెప్పారట.

మిక్సీదీ అదే కథ. పచ్చడి కచ్చాపచ్చాగా ఉండగానే స్విచ్ ఆపేసి, తిరిగే బ్లేడు వైపు మెచ్చుకోలుగా చూస్తూ నిలబడతాడు. ఊరికి బయల్దేరితే నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నప్పుడే ఫ్యాను ఆగిపోతుంది. రెక్కలు తిరిగినంతసేపు వచ్చే గాలి ఉచితమని ఆయన లెక్క. ఆ ఉచిత గాలికి చెమటలు కక్కుకుంటూ నేను బస్టాండుకు నడవాలి.

ఇది పిసినారితనం అనుకుంటే పొరపాటు. వచ్చినవాళ్లకు పెట్టే విషయంలో చేతికి ఎముక లేని మనిషి. ఒక్క ఇంధనం దగ్గరే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. ఎందుకంటే ఆయన మార్కాపురంలో ప్రభుత్వ బస్సు నడిపి రిటైరైనవాడు. డిపోలో ఒక నల్ల బోర్డుండేది. ఏ డ్రైవరు లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు లాగాడో నెలనెలా దాని మీద రాసేవాళ్లు. మా ఆయన పేరు ఎప్పుడూ మొదటి వరసలోనే ఉండేది. ఒక శివరాత్రి నెలలో మాత్రం దోర్నాల ఘాట్‌లో స్పెషల్ బస్సులు నడిపి, కిక్కిరిసిన జనంతో కొండెక్కి, రెండో వరసకు దిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో ఎవరో పోయారనుకుని పక్కింటావిడ పరామర్శకు వచ్చింది.

ఆయన విద్యంతా ఒక్కటే, బ్రేకు తొక్కకపోవడం. స్టాపు ఇంకా కనపడకముందే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసేవాడు. బస్సు తనంతట తాను నెమ్మదించి, ఎక్కేవాళ్ల ముందుకొచ్చి నిలవాలి. ఒక్కోసారి కొంచెం ముందే నిలిచిపోయేది. అప్పుడు జనమే సంచులు నెత్తిన పెట్టుకుని బస్సు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. అది వాళ్ల కాళ్ల ఖర్చు కాబట్టి బోర్డు మీద పడదు.

నేను కొమరోలు బడిలో టీచరుగా చేసినన్నాళ్లూ ఆ బస్సులోనే పోయాను. ముందు తలుపెక్కి ఆయన వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఆయన తల పైన ఒక బోర్డు మీద తెల్ల అక్షరాలతో రాసి ఉండేది: బస్సు నడుచునప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు. అందరూ చదివి మర్చిపోయే ఆ వాక్యాన్ని రాజ్యాంగంగా తీసుకున్న మనిషి దేశంలో మా ఆయనొక్కడే. ఎక్కినప్పుడు ఒకసారి అద్దంలో చూసేవాడు, టికెట్టు కొన్నానా లేదా అని. గిద్దలూరు దాటేదాకా ఆయన మెడ వెనక భాగం చూస్తూ పోయేదాన్ని. పోనీ ఇంటికొచ్చాకైనా మాట్లాడతాడా అంటే, ఆ బోర్డు మా ఇంట్లో కూడా ఎక్కడో వేలాడుతున్నట్టే ఉండేది. కూర బాగుంటే రెండోసారి వేయించుకునేవాడు. బాగాలేకపోతే వేయించుకునేవాడు కాదు. మా సంసారం ఆ సైగల మీద నడిచింది.

రిటైరయ్యాక ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే బస్సుల్ని వినడం మొదలుపెట్టాడు. చూడడం కాదు, వినడమే. "రెండో గేర్లోనే లాగుతున్నాడు చూడు, డీజిల్ ఎవడబ్బ సొమ్మని" అనేవాడు. మొదట్లో నాకు చిరాకేసేది. కొన్ని నెలలకు ఆ మాట కూడా ఆగిపోయింది. బస్సు ఎంత మూలుగుతూ పోయినా కుర్చీలో అట్లా కూర్చుని ఉండేవాడు. పొద్దున వేసిన కుర్చీ సాయంత్రం నేను తీసేదాకా కదిలేది కాదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఊపు మీద నడుస్తున్న బండి ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని ఆయనే కదా నాకు నేర్పింది.

ఆ ఏడు మా అదృష్టం కొద్దీ వానలు పడ్డాయి. ఏళ్లుగా సగం ఎండి, గొర్రెలు మేసే బీడుగా ఉన్న కంభం చెరువు నిండింది. అలుగు పారింది. చుట్టుపక్కల జనం తండోపతండాలుగా కట్ట మీదికొచ్చి నీళ్లను ఫోన్లో బంధించుకుని పోయారు. మా వైపు నీళ్లు ట్యాంకర్లో వస్తాయి, సీసాల్లో వస్తాయి. అంత నీరు ఒక్కచోట ఊరికే పడి ఉండటం చూసి జనానికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా తమ్ముడికి గిద్దలూరులో బోరు మోటార్ల దుకాణం. నీళ్లు పడని బోర్లకు మోటార్లు అమ్మి పైకొచ్చినవాడు. నీళ్లు కళ్ల ముందే కనపడితే ఊరుకుంటాడా? సముద్రం వైపు ఎక్కడో ఒక పాత మోటారు పడవ బేరం చేశాడు. వెనకాల పెట్రోలు ఇంజను తగిలించిన ఫైబర్ పడవ, నెత్తిన నీలం రంగు పందిరి. కావలసిన పర్మిషన్లు తానే తిరిగి తెచ్చాడు.

"బావా, పెట్టుబడి నాది, నడిపేది నువ్వు. ఇంట్లో కూచోని ఏం చేస్తావు?" అన్నాడు.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "లీటరుకు ఎంతిస్తాది?" అని అడిగాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన పూర్తి వాక్యం అదే.

పడవ లారీ మీద మార్కాపురం ఊళ్లోంచే వచ్చింది. ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టుకుని నిలబడిన ఆడవాళ్లు దాన్ని చూశారు. "ఇదెందుకక్కా మన ఊరికి?" అని ఒకామె నన్నడిగింది. ఏం చెప్పాలో తెలియక, మా తమ్ముడిదమ్మా అన్నాను. ఆమెకు అర్థమైపోయింది.

నడపడానికి కావలసిన శిక్షణ అయ్యాక, లైసెన్సు కాగితం చేతికొచ్చాక పడవ నీళ్లలో దిగింది. మా ఆయన మొహంలో వెలుగొచ్చింది. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మొదటి బస్సుకు కంభం పోయేవాడు. అంతా బాగానే ఉంది గానీ పడవ మాత్రం పెట్రోలును మంచినీళ్లలా తాగింది. టికెట్టు మీద వచ్చిందంతా బంకుకే పోయేది. దీని మైలేజీ ఎంతో తేల్చుకుందామంటే నీళ్ల మీద కిలోమీటరు రాళ్లు లేవు. మా తమ్ముడు పొలాల్లో ఆయిల్ ఇంజన్లకు లెక్క వేసినట్టు గంటకింతని వేశాడు. మా ఆయనకది నచ్చలేదు. ఆగి ఉన్న బండికి కూడా గంట నడుస్తుంది, అదేం లెక్క అని వాదించాడు. కిలోమీటర్లు లేని ప్రపంచంలో ఆయన దిక్కు తోచక తిరిగాడు.

దిక్కు తోచనప్పుడు మనిషి తనకు తెలిసిందే చేస్తాడు. ఆయన ఊపును నమ్ముకున్నాడు.

దర్శి నుంచి పెళ్లి కుదిరిన ఒక జంట, ఫోటోలు తీసేవాళ్లతో సహా వచ్చింది. ఈ రోజుల్లో పెళ్లికి ముందు పిల్లా పిల్లాడూ ఏదో ఒక నీటి ముందర నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నట్టు ఫోటో లేకపోతే ముహూర్తం కుదరదు. పడవ తిరిగొస్తూ ఉంది. రేవు అల్లంత దూరాన ఉండగానే మా ఆయన ఇంజను కట్టేశాడు. బస్సుకైతే కింద రోడ్డు కదలకుండా ఉంటుంది. పడవకు కింద నీళ్లు కదులుతాయి, పక్క నుంచి గాలి తోస్తుంది. పడవ కాస్త ముందుకొచ్చి, ఆలోచించి, ఆగి, పక్కకు పోవడం మొదలుపెట్టింది.

"డ్రైవరన్నా, స్టార్ట్ చెయ్యన్నా" అన్నాడు పెళ్లికొడుకు.

"ఆగు నాయనా, ఇంకా ఊపుంది" అన్నాడు మా ఆయన.

ఊపు వాళ్లను తిన్నగా తుమ్మల్లోకి తీసుకుపోయింది. చెరువు ఎండిన ఏళ్లలో లోపలంతా సర్కారు తుమ్మ మొలిచింది. ఇప్పుడా చెట్లు నీళ్లలో సగం మునిగి, ముళ్ల తలలు మాత్రం బయటపెట్టుకుని నిలబడ్డాయి. పెళ్లికూతురి పొడవాటి గౌను వాటికి దొరికింది. గౌను విడిపించడానికి వంగిన పెళ్లికొడుకు కోటు కూడా దొరికింది. ఇంజను మళ్లీ వేస్తే రెక్కలకు నాచు చుట్టుకుంది. ముందుకూ వెనక్కూ రేజ్ చేసి చేసి బయటపడేసరికి, మిగిల్చిన పెట్రోలు కంటే తగలేసింది ఎక్కువైంది. ఫోటోలు తీసేవాడు మాత్రం ఒక్క క్షణం కూడా ఆపకుండా తీస్తూనే ఉన్నాడట. కట్ట మీద నిలబడి మా తమ్ముడు మొత్తం చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. ఇచ్చిన కాఫీ తాగలేదు.

"బావా, నాకు దుకాణంలో పనులుండాయి. ఈ పడవ తాగే పెట్రోలుకు నేను డబ్బులు పోయలేను. కృష్ణ ఒడ్డున ఒకాయన అడుగుతున్నాడు. శివరాత్రి దాకా చూస్తా. అప్పటికి ఖర్చు దిగిరాకపోతే అమ్మేస్తా. ఏమనుకోవద్దు" అన్నాడు.

మా ఆయన ఏమీ అనుకోలేదు. అనుకున్నా అనలేదు. మర్నాడు ఆదివారం కాదు, పండగ కాదు, అయినా చెరువుకు పోలేదు. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. అందులో ఆయన. పడవ ఉంటే ఎంత, పోతే ఎంత. నాకు ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. అంతే నాకు కావలసింది. ఆ రోజు నుంచి పెట్రోలు ధర నాక్కూడా పట్టడం మొదలైంది.

"ఏందయ్యా, అట్ల కూచుంటే అది తాగేది తగ్గుతాదా? పోయి చూసుకోరాదూ" అని తిట్టి పంపాను.

పోయి ప్రయోగాలు మొదలుపెట్టాడు. పడవను ఒడ్డుకు లాగించి, బోర్లించి, అడుగున పట్టిన పాచిని కొబ్బరి పీచుతో గేదెను కడిగినట్టు కడిగాడు. కాస్త తగ్గింది. బరువు తగ్గించాలని పందిరి పీకేశాడు. మా ఎండలో పందిరి లేని పడవెక్కే పిచ్చివాళ్లు దొరకలేదు. పందిరి మళ్లీ ఎక్కింది. బరువంటే గుర్తొచ్చి మా తమ్ముడు, ఆ లైఫ్ జాకెట్లు అన్నెందుకు, సగం తీసి ఒడ్డున పెట్టమన్నాడు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు లేని మా ఆయన ఆ ఒక్కసారి గొంతు పెంచాడు.

"జాకెట్టు దిగితే నేనూ దిగుతా" అన్నాడు.

మా తమ్ముడు మళ్లీ ఆ ఊసెత్తలేదు. అయితే తన వంతు సాయం తానూ చేస్తున్నాడు. మా పుట్టింటివాళ్లది దుకాణాల వంశం. ఏ సరుకైనా రేటు పెరగకముందే తెచ్చి పెట్టుకోవడం మా రక్తంలో ఉంది. పెట్రోలు పెరుగుతుందని ఎవరో అన్నారని క్యాన్లు నింపి తెచ్చాడు. ఒడ్డున ఉంచితే ఎవరైనా ఎత్తుకుపోతారని వాటిని పడవలోనే, ఇంజను పక్కన, మా ఆయన కాళ్ల దగ్గర పేర్పించాడు. పెట్రోలు ఆదా చేయడానికి తెచ్చిన పెట్రోలును మోయడానికి పెట్రోలు ఖర్చవుతోందన్న సంగతి మా వంశంలో ఎవరికీ తట్టదు.

నాకూ తట్టలేదు. ఒక మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తీసుకుని కట్ట మీదికి పోయాను. పడవ అవతల ఒడ్డు నుంచి వస్తూ ఉంది. చూడగానే నాకు నవ్వొచ్చింది. అచ్చం దుకాణంలో గల్లాపెట్టె ముందర వెనక్కి వాలి కూర్చునే మా తమ్ముడిలాగే ఉంది. ముక్కు ఆకాశంలో, నడుము నీళ్లలో. ఇంజను ఒకటే రంకెలు. వెనకాల నీళ్లు మడకతో దున్నినట్టు లేస్తున్నాయి, పడవ మాత్రం నత్తనడక.

దగ్గరికొచ్చాక కారణం కనపడింది. ఎక్కిన జనమంతా వెనకాల, మా ఆయన చుట్టూ మూగి ఉన్నారు. ముందు సీట్లు పందిట్లో ఖాళీ కుర్చీల్లా ఉన్నాయి. మా వాళ్లు అంతే. ఈత రాదు, మోకాటి లోతు దాటిన నీళ్లు ఎప్పుడూ చూళ్లేదు. బస్సెక్కితే ముందు సీటు కోసం కొట్టుకునే మనుషులే పడవెక్కితే ముందుకు రారు. ముందు కూర్చుంటే మూడు వైపులా నీళ్లే కనపడతాయి. వెనకైతే డ్రైవరుంటాడు, ఏదైనా అయితే డ్రైవరు చూసుకుంటాడు. ఖాకీ చొక్కా వేసుకున్నవాడి పక్కన చావు రాదని మా ప్రాంతం నమ్మకం. దానికి తోడు క్యాన్లు. ఇంత బరువూ ఒక మూల వేసుకుని ఆ ఇంజను పాపం కొండెక్కుతున్నట్టు మూలుగుతూ ఉంది.

ఇంటికొచ్చాక చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"నేనూ అనుకున్నా. ఘాటెక్కే చప్పుడే అది. నీళ్లలో ఘాటేందని ఊరుకున్నా" అన్నాడు.

మర్నాడే క్యాన్లు దింపించి ఒడ్డున తాళం వేసిన గదిలో పెట్టించాడు. మనుషుల్ని ముందుకు జరపడం అంత తేలిక కాలేదు. ఎక్కేటప్పుడే చెప్పేవాడు, ముందుకు పోండి, ముందు ఖాళీగా ఉందని. బస్సులో కండక్టరు అరిస్తే ఎవరు విన్నారు గనక.

"నువ్వు ఈడుండావు గదా పెద్దయ్యా, మేమూ ఈడే ఉంటాంలే" అంది ఒక గొర్రెలాయన భార్య, మొగుడి చెయ్యి వదలకుండా.

"ముందు కూచుంటే టికెట్టు తగ్గిస్తారా?" అని ఇంకొకాయన అడిగాడు. కిరాణా దుకాణం మనిషై ఉంటాడు.

శివరాత్రి దగ్గర పడింది. ఒక రోజు భోజనాల దగ్గర ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. కూర రెండోసారి వేయించుకోలేదు, అయినా లేవలేదు. ఏదో చెప్పాలని చూస్తున్నాడని అర్థమై, నేను కూడా లేవకుండా కూర్చున్నాను.

"నువ్వొచ్చి ముందర కూచుంటావా?" అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు కూచుంటే ముక్కు దిగుతాది" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకు నా వంటికి ఒక ఉపయోగం కనిపెట్టాడు మా ఆయన. నా లావు మీద అత్తగారన్న మాటలు, డాక్టరమ్మ పెట్టిన చీవాట్లు, మానేసిన నడకలు అన్నీ గుర్తొచ్చాయి. ఆ లావంతా కంభం చెరువు మేలు కోసమే పెంచానని అప్పుడు తెలిసింది. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నోరు తెరిచి నన్నొకటి అడగడం ఆయనకది మొదటిసారి. కోపం అక్కడే ఆగిపోయింది.

"నాకు నీళ్లంటే భయం" అన్నాను.

"నాకూ భయమే" అన్నాడు.

ఆ సంగతి నాకు తెలియదు. ఖాకీ చొక్కా పక్కన చేరినవాళ్లెవరికీ తెలియదు.

లైఫ్ జాకెట్టు నాకు పట్టలేదు. పట్టీలు చాలక, ఆయనే వాటికి నా పాత చీర అంచు చింపి కుట్టాడు. దాన్ని బిగించుకుని, రాముడు, కృష్ణుడు, వెంకటేశ్వరుడు అందర్నీ పిలుచుకుంటూ ముందు సీట్లో కూలబడ్డాను. నేను కూర్చోగానే ముక్కు నిజంగానే దిగింది. నా వయసు మనిషి అక్కడ కూర్చోవడం చూసి వెనకాల మూగిన ఆడవాళ్లకు సిగ్గేసినట్టుంది. "అక్కే కూచుంది, మనకేంది" అని ఒకామె వచ్చింది. ఆమె వెనక నలుగురొచ్చారు. వాళ్ల మొగుళ్లొచ్చారు. మా వాళ్లకు మధ్యస్థం తెలియదు. అందరూ ముందుకొచ్చేసరికి ముక్కు నీళ్లలో గుచ్చుకుని, ఒక అల లేచి తిన్నగా నా మొహాన కొట్టింది. సగం మందిని కేకలేసి వెనక్కి పంపాను. బడిలో పిల్లల్ని వరసలో కూర్చోబెట్టిన గొంతు ఇన్నాళ్లకు పనికొచ్చింది.

పడవ సమంగా నిలిచింది. ఇంజను రంకెలు ఆగి, సాఫీగా ఒకటే చప్పుడు. మా ఆయన రేజింగ్ తగ్గిస్తూ తగ్గిస్తూ, అది మూలగకుండా, అరవకుండా పోయే చోటు చెవితోనే వెతుక్కున్నాడు. దొరికింది. కిలోమీటరు రాళ్లు లేకపోయినా ఆయనకు దారి తెలిసిపోయింది.

ఇంకో చిక్కొచ్చింది. నేను ముందు కూర్చుంటే ఆయనకు ముందేమీ కనపడదు. దారంతా నేనే. తుమ్మ మొద్దులు నీళ్లకు కాస్త కిందే ఉంటాయి.

"ఏమే, ముందేముంది?" అని వెనక నుంచి కేక.

"మొద్దుంది, ఎడమకు పో."

"ఇప్పుడు?"

"ఇప్పుడేం లేదు. నీళ్లే."

మళ్లీ కొంతదూరం పోయాక, "ఏమే, ముందేముంది?"

ఆ వారమంతా అట్లాగే నడిచింది. మొదట మొద్దుల గురించే మాట్లాడుకున్నాం. తర్వాత కొంగల గురించి. తర్వాత, అవతల ఒడ్డున కనపడే కొండ ఏదన్న దాని మీద పోట్లాడుకున్నాం. తన మొదటి బస్సు స్టీరింగు ఎంత బిగుతుగా ఉండేదో చెప్పాడు. కొమరోలు పోయే రోజుల్లో నేను కట్టుకున్న ఒక ఆకుపచ్చ చీర సంగతి అడిగాడు, అదేమైందని. అంటే అద్దంలో టికెట్టొక్కటే చూడలేదన్నమాట. నా వీపుకు మాత్రమే వినపడేట్టు అరిచి చెప్పిన మాటలు అవి. పడవలో ఉన్న జనమంతా కూడా విన్నారు, అది వేరే సంగతి. ఇంటికొచ్చాక మళ్లీ కూరల సైగలే. అయినా తెల్లారి నేను ఆయన కంటే ముందు తయారయ్యేదాన్ని. "మీ బావాబామ్మర్దుల పడవ కోసం నా ప్రాణం తోడేస్తున్నారు" అని రోజూ సణుగుతూనే చెప్పులేసుకునేదాన్ని.

శివరాత్రి ముందు రోజు మా తమ్ముడు లెక్క తేల్చడానికి వచ్చాడు. పెట్రోలు తానే కొలిచి పోశాడు. టిక్కెట్లు తానే చింపాడు. రోజంతా పడవలోనే కూర్చున్నాడు. ఎక్కగానే వెనక్కి, బావ పక్కకే పోయాడు.

"ఒరే, మధ్యలో కూచోరా, ముక్కు లేస్తాది" అని గద్దించాను. వచ్చి కూర్చున్నాడు.

పొద్దు వాలేటప్పటి ఆఖరి ట్రిప్పులో, రేవుకు చేరువవుతుండగా గాలి పడిపోయింది. "ఏమే, ముందేముంది?" అన్నాడు ఆయన. "రేవే. తుమ్మలు లేవు, గాలి లేదు" అన్నాను. ఇంజను ఆగిపోయింది. మా తమ్ముడు గభాలున లేవబోతే కూర్చోమని చెయ్యి చూపించాను. పడవ చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి, రేవు మెట్టుకు మెల్లగా ఆనింది. సర్వీసంతా ఆయన నమ్ముకున్న ఊపును నేను ముందు కూర్చుని కళ్లారా చూడటం అదే మొదలు.

మా తమ్ముడు ట్యాంకులో పుల్ల పెట్టి చూశాడు. మళ్లీ పెట్టి చూశాడు. పొద్దున పోసినదాంట్లో ఇంకా మిగిలి ఉంది.

"సరే బావా, ఉండనీ. అమ్మనులే" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. పక్కకు తిరిగి జాకెట్టు పట్టీలు విప్పుకుంటున్నాను. మా తమ్ముడు ఆగలేదు. లాభం కనపడిన చోట ఇంకాస్త గీకి చూడకపోతే మా వంశం కాదు.

"అక్కా, ఇంక నువ్వు రానక్కర్లే. అర్థమయ్యింది గదా కిటుకు. రెండు ఇసుక మూటలు ముందర పడేస్తే సరిపోతాది. నీ చోట్లో ఇంకో టికెట్టు కూడా వస్తాది" అన్నాడు.

రోజూ నేను కోరుకున్నదే ఆ మాట. ప్రాణం తోడేస్తున్నారని సణిగినదాన్ని. మరి ఎందుకో పట్టీ ముడి విప్పలేక చేతులు ఆగిపోయాయి. మా ఆయన వైపు చూడలేకపోయాను. ఇసుకకు పైసా ఖర్చు లేదు, అన్నం పెట్టక్కర్లేదు, భయం లేదు. ఇంధనం మనిషి ఏం జవాబిస్తాడో నాకు తెలుసు.

ఆయన ఇంజను మీద గుడ్డ కప్పుతూ, "మూటకు మొద్దులు కనపడవు రా" అన్నాడు.

"దానికేంది బావా, నీ సీటు ఎత్తు చేయిస్తా. మూటల మీద నుంచి అంతా కనపడతాది" అన్నాడు మా తమ్ముడు.

నిజమే. మా ఆయన గుడ్డ నాలుగు అంచులూ తాడుతో కట్టడం ముగించి, చేతులు తుడుచుకుని, తాపీగా నిటారుగా నిలబడ్డాడు.

"మూట మాట్లాడదు" అన్నాడు. "ఆ బోర్డు కింద చానా ఏండ్లు నడిపినా. ఇంక చాలు" అన్నాడు.

ఏ బోర్డో మా తమ్ముడికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను చెప్పలేదు.

మర్నాడు శివరాత్రి. కట్ట మీద జనం. చీర అంచు కుట్టిన జాకెట్టు బిగించుకుని, దేవుళ్లను పిలుచుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఇంజను అందుకుంది. ఎదురుగా మొద్దు లేదు, తుమ్మ లేదు, నాకు ఇంకా భయం పోలేదు. వెనక నుంచి ఆయన అడిగేదాకా కూడా ఆగలేకపోయాను.

"నీళ్లేనయ్యా, పోనీ" అన్నాను.